రూతు ఏరిన తూమెడు గింజలు: బైబిల్ నవలలు, చారిత్రక నవలలు మనల్ని ఎందుకు ఇంతగా పట్టుకుంటాయి?

పరిగె_గింజ (తెనాలి, ప్రస్తుతం హైదరాబాద్) | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం, వందనాలు. మీరు రాసేవన్నీ చాలాకాలంగా చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నెల రూతు కథ మీద ఇంగ్లిష్‌లో వచ్చిన నవల ఒకటి చదివాను. భర్త పోయాక అత్తను వదలకుండా ఆమెతో పరాయి ఊరికి వచ్చిన స్త్రీ రూతు. బైబిల్లో ఆమె గ్రంథం మొత్తం నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. ఒక ఆదివారం ప్రసంగంలో అయిపోతుంది. సండే స్కూల్ రోజుల నుంచి వింటున్న కథే. ఆ నవలలో మాత్రం రూతు మొదటిరోజు బోయజు అనే ఆసామి చేలో దిగిన ఘట్టమే పది పేజీలుంది. కోసిన యవల మోళ్లు పాదాలకు గుచ్చుకోవడం, పొద్దెక్కేసరికి నడుము పట్టేయడం, ఏరిన వెన్నులు కొంగులో వేసి మెడకు కట్టుకుంటే ముడి ఒరుసుకుని మండటం. అక్కడికొచ్చాక ఇక చదవలేక పుస్తకం మూసేశాను.

ఎందుకంటే మా అమ్మ చిన్నప్పుడు అమ్మమ్మ వెంట పరిగెకి, అంటే కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి, వెళ్లేదట. ఈ సంగతి అమ్మ మాకెప్పుడూ చెప్పలేదు. పెద్దమ్మ ఒకసారి మాటల్లో అనేస్తే తెలిసింది. తర్వాత అమ్మని అడిగితే "ఇప్పుడవన్నీ ఎందుకే" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మన తెలుగు బైబిల్లో రూతు ఆ సాయంత్రం దుల్లగొట్టిన గింజలు దాదాపు తూమెడు అని ఉంటుంది. మూలంలో ఉన్న కొలత ఏఫా, ఇరవై లీటర్లకు కాస్త పైన. అనువాదం చేసినవాళ్లు దాన్ని మన కుంచాలు, తూముల లెక్కలోకి తెచ్చారు. "తూమెడు" అన్న మాట ఎన్ని వందలసార్లు విన్నానో! అది ఒక మనిషి పొద్దస్తమానం వంగి ఏరిన గింజలని మాత్రం నవల చదివాకే ఒంటికి తెలిసింది.

మా చిన్నాన్న పాస్టరు. ఆయనకి చెబితే "వాక్యం ఉండగా కల్పన దేనికమ్మా" అన్నారు. కోపంగా కాదు, బాధగానే అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. మీరెందుకు చదువుతారో చెప్పండి. బైబిల్ నవలలే కానక్కర్లేదు, చారిత్రక నవలలైనా సరే.

---

ఓరుగల్లు_తోరణం (హనుమకొండ) | ఆదివారం రాత్రి 10:05

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నా అనుభవం చెబుతాను.

పాఠ్యపుస్తకంలో రుద్రమదేవికి దక్కేది ఒకటిన్నర పేజీ. గణపతిదేవుడి కూతురు, నిడదవోలు చాళుక్య వీరభద్రుడి భార్య, మగవేషంలో పాలించింది, మార్కో పోలో మెచ్చుకున్నాడు. పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు, పరీక్ష కాగానే మర్చిపోతారు. ఒక ఏడాది అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'లో కొన్ని పేజీలు క్లాసులో పైకి చదివాను. ఆ శనివారం నలుగురు పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ ఓరుగల్లు కోటకు పోయారు. సోమవారం వచ్చి "సార్, ఆ మట్టికోట గోడ ఎక్కితే ఏకశిల గుట్ట కనిపిస్తుంది. రుద్రమ కూడా అక్కడ నిలబడి చూసి ఉంటుందా?" అని అడిగారు. పాఠం చెప్పినన్నాళ్లూ ఒక్కరూ అడగని ప్రశ్న అది.

మరొక సంగతి. రుద్రమ 1295 దాకా పాలించిందని పాత పుస్తకాల్లో ఉండేది. తరువాత నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం బయటపడింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం ఈ దానం చేస్తున్నామని దాని మీద ఉంది. ఎలా చనిపోయారో లేదు. రాణీ, సేనానీ ఇద్దరి పేర్లూ ఒకే శాసనంలో ఉండేసరికి, ఎదురుతిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడి మీద యుద్ధంలోనే పడిపోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. అప్పటికి ఆమె పెద్ద వయసు మనిషి. ఆ వయసులో యుద్ధానికి వెళ్లింది!

బాపిరాజు గారు 1952లోనే పోయారు, ఈ శాసనం ఆయన ఎరగరు. తెలిసి ఉంటే ఇంకెలాంటి నవల రాసేవారో అని చాలాసార్లు అనుకున్నాను. చందుపట్ల వెళ్లి ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు నాకు కళ్లనీళ్లాగలేదు. రాయి చెప్పింది రెండు ముక్కలే. ఆ రోజు ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి. అందుకే చదువుతాను.

---

యొర్దాను_ఒడ్డు (ఏలూరు) | సోమవారం ఉదయం 6:30

సిస్టర్, మీ చిన్నాన్నగారి మాటలో న్యాయం ఉంది. నేను ఇరవై ఆరేళ్లుగా సండే స్కూల్ నడుపుతున్నాను.

పోయిన క్రిస్మస్‌కి పిల్లలకు క్విజ్ పెట్టాను. "యేసును చూడటానికి వచ్చిన జ్ఞానులు ఎంతమంది?" అంటే అందరూ ముగ్గురన్నారు. ఒక పాప పేర్లు కూడా చెప్పింది. మత్తయి సువార్త రెండో అధ్యాయం తెరిచి చూడండి. ఎంతమందో లేదు, పేర్లూ లేవు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలున్నాయి కాబట్టి మనుషులు కూడా ముగ్గురైపోయారు. వాళ్లు పశువులపాకకు రాలేదు, ఇంట్లోకి వచ్చారని స్పష్టంగా రాసి ఉంది. అయినా మన నాటకాల్లో అందరూ పాకలోనే మోకరిస్తారు.

మగ్దలేనే మరియ సంగతి ఇంకా అన్యాయం. ఆమె వేశ్య అని బైబిల్లో ఎక్కడుంది? ఏడు దయ్యాలు వదిలినవి అని మాత్రమే లూకా రాశాడు. 591లో రోమాలో పోపు గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెనూ, పేరు లేని పాపాత్మురాలినీ ఒకటే చేసి చెప్పారు. తర్వాత బొమ్మలు, నాటకాలు, నవలలు, సినిమాలు అన్నీ దాన్నే పట్టుకున్నాయి. పునరుత్థానాన్ని మొదట చూసిన స్త్రీకి పద్నాలుగు వందల ఏళ్లుగా ఆ మచ్చ. ఇది కల్పన చేసిన పని కాదా?

నవల బాగా రాస్తే ఇంకా ప్రమాదం. బాగా రాసినదే మనసులో నాటుకుంటుంది. కొన్నాళ్లకి ఏది వాక్యమో ఏది రచయిత మాటో మనకే తేడా తెలియదు. నా భయం అది.

---

మిరియాల_చారు (రాజమండ్రి) | సోమవారం ఉదయం 9:48

యొర్దాను గారూ, మీ మాటకు నా ఓటు. మతం వైపు నుంచి కాదు, చరిత్ర వైపు నుంచి.

ఈ మధ్య కాకతీయుల కాలం మీద ఒక నవల చదివాను. పేరు చెప్పను. పూటకూళ్లింట్లో అతిథికి గోంగూరలో పండుమిరపకాయలు నూరి వడ్డిస్తుంది ఒకావిడ. ఓరుగల్లు పడిపోయింది 1323లో. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్లతో మన దేశానికి వచ్చింది. రుద్రమ కాలంలో కారం కావాలంటే మిరియాలే. టమాటా లేదు, బంగాళాదుంప లేదు, వేరుశెనగ లేదు, జీడిపప్పు లేదు. ఆ ఒక్క పండుమిరపకాయ దగ్గర నేను పదమూడో శతాబ్దంలోంచి బయటపడిపోయాను. మళ్లీ లోపలికి వెళ్లలేకపోయాను.

పేరున్న పుస్తకాలూ దీనికి అతీతం కాదు. 1880లో వచ్చిన 'బెన్ హర్' సంగతే తీసుకోండి. హీరోని ఓడలో తెడ్డు వేసే బానిసగా పంపిస్తారు. నిజానికి రోమన్ యుద్ధనౌకల్లో తెడ్లు వేసినవాళ్లు మామూలుగా జీతం తీసుకునే స్వతంత్రులు. ఈ నవల, దాని మీద వచ్చిన సినిమాలు చూసి సంకెళ్లు, కొరడా, ఢంకా అన్న బొమ్మ ప్రపంచం మొత్తానికి స్థిరపడిపోయింది.

కొన్నిసార్లు రచయితని తప్పుపట్టలేం. యేసుకు మరణశిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు హోదాని పాత నవలల్లో ప్రొక్యురేటర్ అని రాసేవారు, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ అలాగే రాశాడు కాబట్టి. 1961లో కైసరయలో పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది. పాత నాటకశాలలో మెట్టుగా వాడేసిన రాయి. దాని మీద అతని హోదా ప్రిఫెక్ట్. ఒక్క రాయితో అన్ని పుస్తకాలూ పాతబడ్డాయి.

ఇంతా చెప్పి ఎందుకు చదువుతానంటే, సరిగ్గా కుదిరిన నవల దొరికితే దానికి సాటి లేదు. ఆ కాలం వంట వాసన వస్తుంది.

---

రాత్రి_డ్యూటీ (డాలస్) | సోమవారం మధ్యాహ్నం 1:20

నేను ఐసీయూలో నర్సుని, ఊరు నరసరావుపేట దగ్గర. డ్యూటీకి వెళ్లిరావడానికి గంటన్నర డ్రైవింగ్. ఆ టైమంతా ఆడియో నవలలే.

ఆదికాండము 34వ అధ్యాయం దీనా గురించి. 31 వచనాలు. యాకోబు కూతురు, ఆమెకి ఘోరం జరుగుతుంది, అన్నదమ్ములు ఊరి మగవాళ్లందరినీ నరికేస్తారు. తండ్రి మాట్లాడతాడు, అన్నలు మాట్లాడతారు, ఘోరం చేసినవాడు, వాడి తండ్రి కూడా మాట్లాడతారు. దీనా ఒక్క మాట కూడా మాట్లాడదు. 1997లో ఇక్కడ ఒక నవల వచ్చింది, కథంతా దీనా నోటితోనే చెప్పిస్తుంది. అందులో ఆడవాళ్లంతా నెలసరి రోజుల్లో కలిసి ఉండే ఎర్ర గుడారం బైబిల్లో లేదు, అది రచయిత్రి కల్పన. దాంతో నాకు పేచీ లేదు, కల్పన అని తెలిసే విన్నాను. ఆ అధ్యాయంలో దీనా నోరు విప్పలేదన్న సంగతి మాత్రం నవల విన్నాకే గమనించాను. చిన్నప్పటి నుంచి చదువుతూ కూడా!

మన తెలుగులో ఓల్గా గారు 'విముక్త'లో చేసింది ఇలాంటిదే. సీత వెళ్లి శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలిసి మాట్లాడుతుంది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది చదివాక మా అత్తగారు (రామాయణం నిత్యం పారాయణ చేస్తారు) "ఊర్మిళ పద్నాలుగేళ్లు ఏం చేసిందో నేనూ అడగలేదే" అన్నారు. ఆవిడ పారాయణ ఆగలేదు, ఇంకా శ్రద్ధగా సాగుతోంది.

యొర్దాను అంకుల్, మీకో అధ్యాయం గుర్తు చేస్తాను. 2 సమూయేలు 21. రిస్పా.

---

యొర్దాను_ఒడ్డు (ఏలూరు) | సోమవారం మధ్యాహ్నం 2:02

సౌలు రాజు ఉపపత్ని. చెప్పమ్మా, వింటున్నాను.

---

రాత్రి_డ్యూటీ (డాలస్) | సోమవారం మధ్యాహ్నం 2:41

మూడేళ్ల కరువు. సౌలు తమవాళ్లని చంపాడని గిబియోనీయులు అడిగితే, అతని తర్వాత రాజైన దావీదు సౌలు వంశంలో ఏడుగురిని అప్పగించాడు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. ఏడుగురినీ కొండమీద చంపి వదిలేశారు. యవల కోత మొదలయ్యే రోజులు. రిస్పా గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుని కూర్చుంది. పగలు పక్షుల్ని వాలనివ్వలేదు, రాత్రి మృగాల్ని రానివ్వలేదు. వాన పడేదాకా. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతాల్లో, మామూలు వానలు అక్టోబరులో. మధ్యలో ఎప్పుడైనా అకాలవర్షం పడిందేమో రాసి లేదు. వారాలో నెలలో, ఆమె అక్కడే ఉంది. ఆ కాపలా అంతా బైబిల్లో ఒక్క వచనం.

మా వార్డులో ఎవరైనా పోయాక కుటుంబం వచ్చేదాకా ఒక్కోసారి మేమే పక్కన కూర్చుంటాం. ఒక రాత్రి రెండున్నర గంటలు అలా కూర్చున్నాను, ఒక పెద్దావిడ పక్కన. కొడుకు వేరే రాష్ట్రం నుంచి కారులో వస్తున్నాడు. దుప్పటి సర్దడం, లైటు తగ్గించడం తప్ప చేయడానికి ఇంకేం లేదు. ఆ రాత్రి రిస్పా గుర్తొచ్చింది. ఆమె ఏం తింది? నీళ్లు ఎవరు తెచ్చారు? నిద్ర వస్తే ఏం చేసింది? పక్షుల్ని దేంతో తోలింది, కర్రతోనా, రాళ్లతోనా, అరిచా?

ఈ ప్రశ్నలు వాక్యానికి ఎదురు తిరగడం అని నాకు అనిపించదు అంకుల్. ఆమె పక్కన కాసేపు కూర్చోవడం అనిపిస్తుంది.

---

యొర్దాను_ఒడ్డు (ఏలూరు) | సోమవారం రాత్రి 8:15

మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. 26 ఏళ్లలో రిస్పా మీద ఒక్క పాఠం కూడా చెప్పలేదు నేను. దావీదుకి ఆ సంగతి తెలిసి, సౌలు ఎముకలు, అతని కొడుకు యోనాతాను ఎముకలు కూడా తెప్పించి సౌలు తండ్రి కీషు సమాధిలో పెట్టించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన ప్రార్థన దేవుడు అంగీకరించాడని ఉంది. అంటే రాజుని కదిలించింది ఆమే. ఈ ఆదివారం పిల్లలకు చెబుతాను.

మగ్దలేనే మరియ విషయంలో మాత్రం నా మాట మారదు. మీరు మంచి పుస్తకాలు చూపిస్తున్నారు, చెడ్డవీ ఉన్నాయి. కనీసం రచయిత చివర్లో ఒక పేజీ రాయాలి: ఇది గ్రంథంలో ఉంది, ఇది నేను కల్పించాను అని. ఆ పేజీ లేని పుస్తకం నేను పిల్లలకు ఇవ్వను.

---

మిరియాల_చారు (రాజమండ్రి) | సోమవారం రాత్రి 8:40

ఆ పేజీ నేను ముందే చదువుతాను సార్, నవల మొదలుపెట్టక ముందు. చరిత్ర నవలలకు కూడా అదే నియమం కావాలి. అబ్రాహాము ఒంటెల మీద కూడా అలాంటి పేజీ ఒకటి రాయాలి. ఆయనకి ఒంటెలున్నాయని ఆదికాండంలో ఉంది. 2014లో టెల్ అవీవ్ యూనివర్సిటీవాళ్లు రాగి గనుల దగ్గర దొరికిన ఎముకల కాలం కట్టి, ఆ దేశంలో పెంపుడు ఒంటెలు వచ్చింది క్రీ.పూ. పదో శతాబ్దం చివరి భాగంలోనే అన్నారు. అబ్రాహాము కథ అంతకు చాలా ముందు కాలానిది.

---

యొర్దాను_ఒడ్డు (ఏలూరు) | సోమవారం రాత్రి 8:52

ఎముక దొరకనంత మాత్రాన ఒంటె లేదని కాదు. అబ్రాహాము తిరిగింది ఒక్క చోట కాదు కదా. దాని మీద కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

---

ఉలి_గుర్తు (విశాఖపట్నం) | మంగళవారం ఉదయం 7:10

సివిల్ ఇంజనీర్ని, సొరంగాల పనుల్లో చాలా ఏళ్లు ఉన్నాను. నేను చదివేది తక్కువ. అయినా ఒకటి చెప్పాలి.

యెరూషలేములో హిజ్కియా రాజు తవ్వించిన సొరంగం ఉంది. అష్షూరు సైన్యం మీదికి వస్తుంటే, ఊరి బయట ఉన్న ఊటనీళ్లని కొండ లోపలి నుంచి ఊళ్లోకి మళ్లించారు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం చివర. 2 రాజులు 20:20లో ఒక్క వచనం. సొరంగం పొడవు 533 మీటర్లు. రెండు వైపుల నుంచి రెండు బృందాలు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. దిక్సూచి లేదు, లేజర్ లేదు, వంకరటింకర దారి. ఆ చివరికీ ఈ చివరికీ వాలు చూస్తే ఒక అడుగు. ఈ వృత్తిలో ఉన్నవాడికి ఇది వింటే ఒళ్లు జలదరిస్తుంది.

నేను మా సంఘం వాళ్లతో టూర్‌కి వెళ్లినప్పుడు అందులో నడిచాను. మోకాళ్ల దాకా చల్లటి నీళ్లు, చేతిలో చిన్న టార్చి. గోడ మీద ఉలి గాట్లు తడిమి చూశాను. ఒకచోట దాకా గాట్లు ఒక వైపు వాలి ఉంటాయి, అక్కడి నుంచి ఎదురు వైపు. రెండు బృందాలూ కలిసిన చోటు అదే. అక్కడ ఆగిపోయాను, వెనక వాళ్లు "బ్రదర్, కదలండి" అంటున్నారు.

1880లో ఆ గోడ మీద చెక్కిన శాసనం దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. దాంట్లో రాజు పేరు లేదు! ఇంకా మూడు మూరలు తవ్వాల్సి ఉండగా అవతలి మనిషి పిలుపు వినిపించిందని పనివాళ్ల కథే ఉంది. రాయి అవతలి నుంచి మనిషి గొంతు. మా పనుల్లో రెండు ముఖాలు కలిసే రోజు లోపల ఎంత టెన్షన్ ఉంటుందో, కలిశాక ఎలా కావిలించుకుంటారో నాకు తెలుసు. ఆ ఇద్దరి పేర్లు ఎవరికీ తెలియవు. మొదట పిలిచినవాడు ఏమని పిలిచాడు? దాని మీద నవల ఉంటే చెప్పండి, ఏ భాషలో ఉన్నా చదివించుకుంటాను.

---

ఓరుగల్లు_తోరణం (హనుమకొండ) | మంగళవారం ఉదయం 8:33

ఇంజనీరు గారూ, ఆ నవల మీరే రాయాలి. ఉలి గాటు వాలు చూసి బృందాలు కలిసిన చోటు పట్టుకోవడం మామూలు రచయితకు చేతకాదు.

---

కొత్త_కన్ను (నెల్లూరు) | మంగళవారం సాయంత్రం 5:26

మా నాన్నకి తెలుగే వచ్చు, బైబిల్ తప్ప వేరే చదవరు. తెలుగులో ఏమైనా ఉన్నాయా?

---

ఓరుగల్లు_తోరణం (హనుమకొండ) | మంగళవారం సాయంత్రం 6:04

నవల కాదు కానీ గుర్రం జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' ఇవ్వండి. పద్యకావ్యం, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పైకి చదివితే ఆయనకి ఇంకా నచ్చుతుంది. చరిత్ర వైపు అయితే నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణ భట్టు', తెన్నేటి సూరి గారి 'చెంఘిజ్ ఖాన్' ఉన్నాయి. బైబిల్ మనుషుల మీద మన తెలుగు పల్లె వాసనతో నవలలు ఇంకా చాలా రావాలి. పరిగె, తూము, పేలాలు అన్న మాటలు ఇప్పటికే మన భాషలో ఉన్నాయి.

---

పరిగె_గింజ (తెనాలి, ప్రస్తుతం హైదరాబాద్) | గురువారం రాత్రి 10:47

మూడు రోజులు జవాబివ్వలేదు, క్షమించండి. మీరంతా రాసినవి ఒక్కొక్కటీ చదివి ఊరికి వెళ్లాను.

నిన్న సాయంత్రం అమ్మ చిక్కుళ్లు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని నవలలో ఆ పది పేజీలు తెలుగులో చెబుతూ పోయాను. నాకొచ్చిన తెలుగులోనే. అమ్మ తలెత్తలేదు. రూతు మధ్యాహ్నం పనివాళ్లతో కూర్చుని పేలాలు తిని, కొన్ని మిగిల్చి అత్తకి దాచడం దాకా వచ్చాను. అది నవలలోదే కాదు, బైబిల్లోనే ఉంది. అక్కడ అమ్మ చేతులు ఆగాయి.

"మీ అమ్మమ్మ కూడా అంతే. ఎవరైనా తినడానికి పెడితే సగం కొంగున కట్టేది" అంది.

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. వాళ్లు వెళ్లే చేలో ఒక పాలేరు ఉండేవాడట. పనలు మోసుకుపోతూ సరిగ్గా వీళ్లు ఏరే చోటికి వచ్చేసరికి నాలుగు వెన్నులు జారవిడిచేవాడట. వెనక్కి తిరిగి చూసేవాడు కాదట. అమ్మకి అప్పుడు ఏడెనిమిదేళ్లు, మనిషి చేతగానివాడని అనుకునేదట. ఒకరోజు "అమ్మా, వాడికి మోయడం రాదు" అని నవ్వితే అమ్మమ్మ చప్పున నోరు మూసిందట.

రూతు రెండో అధ్యాయంలో బోయజు తన పనివాళ్లతో, ఆమె కోసం పనల్లోంచి కొన్ని కావాలనే పడేయండి, ఆమెను గద్దించకండి అని చెబుతాడు. ఆ వచనం తీసి అమ్మకి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదువుకుంది.

"ఆయన పేరేంటమ్మా?" అని అడిగాను.

"పేరు తెలీదే. కాలికి ఎర్రదారం ఉండేది" అంది.

రేపు మా చిన్నాన్న ఇంటికి వెళ్తున్నాను. అమ్మ కూడా వస్తానంది.